నాలుగో చెక్క ముక్క

ఆ ఆదివారం పొద్దున్న పెద్దమేస్త్రికి మొదటి తగువు స్నానాలగది తలుపుతో వచ్చింది. నెల రోజులుగా ఆ తలుపు పూర్తిగా పడటం లేదు. ఎంత నెట్టినా వేలెడు సందు మిగిలిపోతోంది, గడియ దాని రంధ్రం దాకా వెళ్లడం లేదు. నలభై ఏళ్లు తాపీ పట్టి రాయినీ, టైలునీ, సిమెంటునీ చెప్పుచేతల్లో పెట్టుకున్న మనిషే గానీ, తలుపులతో కిటికీలతో ఆయనకు మొదటినుంచీ పడదు. చెమ్మకు ఉబ్బిందని తేల్చేశాడు.

"అమ్మాయ్, ఈ తలుపుకి వడ్రంగిని పిలవాలి. మర్యాదగా స్నానం చేసే యోగం కూడా లేకుండా పోయింది నాకు," అని తువ్వాలు భుజాన వేసుకుని కేకేశాడు.

"వదిలెయ్యి నాన్నా. చెమ్మ తగ్గితే అదే సర్దుకుంటుంది," అంది కూతురు వంటగదిలోంచి.

ఆయన ఒకటంటే రెండనే పిల్ల అంత మెత్తగా జవాబు చెప్పడం వింతే. కానీ ఆ రోజు ఇంటినిండా పనుంది. అల్లుడి ఆఫీసువాళ్లు ఎనిమిదిమంది మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. వంటంతా పెరట్లో కొత్తగా కట్టిన వంటింట్లోనే. ఆ పెరటి వంటిల్లు పెద్దమేస్త్రి తన చేతులతో కట్టింది. భార్య పోయాక రెండేళ్లుగా కూతురింట్లో ఉంటూ, ఏ పనీ తోచక గోడలు తట్టి చూసుకుంటూ తిరిగిన మనిషికి అది కట్టిన మూడు నెలలూ మళ్లీ వయసు వచ్చినట్టయింది.

ఆ వంటింటికంతా పెద్ద దిక్కు గుడ్డు. అసలు పేరు సిరామిక్ గ్రిల్. అల్లుడు ముచ్చటపడి తెప్పించుకున్నాడు. నిలబెట్టిన గుడ్డు ఆకారంలో, ఎనభై కిలోలపైన బరువుతో, లోపల బొగ్గులు, పైన జాలీ, ఆపైన స్ప్రింగుతో లేచే బరువైన మూతతో ఉంటుంది. ఏడేళ్ల మనవరాలు పిట్ట దాన్ని చూడగానే "గుడ్డు" అంది, ఇక ఇంట్లో ఎవరూ దానికి వేరే పేరు పెట్టలేకపోయారు. పెద్దమేస్త్రి గట్టు మధ్యలో గుండ్రంగా కోయించి, కింద రాతి పలక వేసి, ఆ పలకమీద మూడు పింగాణీ కాళ్లు సర్ది, వాటిమీద గుడ్డును నిలబెట్టాడు. చుట్టూ రెండువేళ్ల సందు వదిలాడు, వేడికి గట్టు పగలకుండా. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నట్టనడుమ నిలిచింది. ఆ రోజు ఆయన నడకే మారిపోయింది.

కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి అల్లుడు గుడ్డులో బొగ్గులు నింపుతున్నాడు.

"రండి మామయ్యా. ఇవాళ మీ పనితనం చూసి మావాళ్లు ముక్కున వేలేసుకోవాలి," అంటూ మూత పైకెత్తాడు.

టక్.

చాలా చిన్న చప్పుడు. అల్లుడికి వినిపించనే లేదు. పెద్దమేస్త్రి చెవికి మాత్రం పట్టింది. నలభై ఏళ్లలో ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నాడో. కింద ఎక్కడో ఒక మూల కదిలితే వచ్చే చప్పుడది.

"ఇంకోసారి మూత వేసి తియ్యి బాబూ," అన్నాడు.

మూత పడింది, లేచింది. టక్. ఈసారి గుడ్డు నడుం దగ్గర సందు ఒక పక్క వెంట్రుకవాసి మూసుకుని, మళ్లీ తెరుచుకుంది.

"ఏంటి మామయ్యా?"

"ఏం లేదు. ఊరికే," అన్నాడు. కాఫీ చల్లారకముందే గట్టుమీద పెట్టేసి తన గదిలోకి నడిచాడు.

మంచం కింద పనిముట్ల పెట్టె ఉంది. అందులో ఒక బిస్కెట్ల డబ్బా. ఆ డబ్బాలో ఆయన సొంతంగా చెక్కుకున్న నాలుగు చెక్క ముక్కలు ఉంటాయి, ఒక కొస మందంగా, ఒక కొస పలచగా. బరువైన పలక వేసేటప్పుడు నాలుగు మూలలా వాటిని దోపి, మట్టం చూసుకుని, కింద సిమెంటు గట్టిపడ్డాక లాగేసి, ఆ ఖాళీలు నింపడం ఆయన పద్ధతి. నాలుగు పెట్టాలి, నాలుగు తీయాలి. ఇంటికొచ్చాక లెక్కపెట్టుకోవాలి. చేతికింద పనిచేసిన వాళ్లందరినీ ఈ లెక్క తప్పితే చెడామడా తిట్టేవాడు.

డబ్బా మూత తీశాడు. ఒకటి, రెండు, మూడు.

డబ్బా బోర్లించాడు. పెట్టె మొత్తం మంచంమీద గుమ్మరించాడు. తాపీలు, తూకపు దారం, రసమట్టం, అరిగిపోయిన సుద్దముక్కలు. నాలుగో ముక్క లేదు. పలక కిందనుంచి ఒకటి తీసినట్టు గుర్తుంది. రెండోదీ, మూడోదీ గుర్తున్నాయి. నాలుగోది తీశాడా? పని ముగిసిన రోజు లెక్కపెట్టాడా? ఎంత తవ్వుకున్నా ఏమీ తేలడం లేదు.

ఆయన భయం గుడ్డు గురించి ఒక్కటే అయితే ఇంత ఉండేది కాదు. నెల కిందట పొయ్యిమీద పాలు పెట్టి షికారుకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి గిన్నె మాడి, ఇల్లంతా పొగ నిండి, కూతురు కిటికీలన్నీ తెరిచి గుమ్మంలో నిలబడి ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇంకొక్కసారి ఇలా జరిగితే నీ పనిముట్ల పెట్టెకి తాళం వేస్తాను నాన్నా. నిన్ను ఒక్కడినీ ఇంట్లో వదలను కూడా," అంది. ఆ రోజునుంచీ ఆయన కుళాయి కట్టింది లేనిదీ రెండుసార్లు, గ్యాసు ఆపింది లేనిదీ మూడుసార్లు చూసుకుంటున్నాడు. తాళం పడితే ఇక తను మేస్త్రీ కాదు, ఆ ఇంట్లో ఇంకొకరు కాపలా కాయాల్సిన ఒక ముసలివాడు.

టార్చి తీసుకుని పెరట్లోకి వచ్చి, గట్టు కింద చెక్క తలుపులు తెరిచి, మోకాళ్లమీద కూర్చుని పలక అంచు చూశాడు. ముక్క లాగేసిన చోట సిమెంటు నింపి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కడం ఆయనకు అలవాటు. ముందు ఎడమ మూల, వేలి గుర్తు ఉంది. ముందు కుడి మూల, ఉంది. వెనక ఎడమ మూల, తల వంచి చూస్తే కనిపించింది. వెనక కుడి మూల గుడ్డు పొట్ట చాటున ఉంది. అక్కడికి వెలుతురూ పోదు, చెయ్యీ పోదు.

మూడు వేలిగుర్తులు. డబ్బాలో మూడు ముక్కలు.

లేచి నిలబడేసరికి బొగ్గులు అంటుకున్నాయి. ఇంతకుముందు రెండుసార్లు ఊరికే చిన్న మంట వేసి చూశారు. ఇవాళ మాత్రం నాలుగు గంటలు ఆపకుండా మండుతుంది. ఆ వేడికి పలక కింద చెక్క బొగ్గయిపోతుంది. ఆ మూల డొల్లవుతుంది. ఎవరో ఒకరు మూత విసురుగా ఎత్తుతారు. ఆ విసురుకి గుడ్డు అటు ఒరుగుతుంది, నిప్పులతో సహా.

చెప్పాలి. చెబితే తాళం.

"బాబూ, ఇవాళ లోపలి పొయ్యిమీద వండుకుంటే పోలా? గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు.

"గాలా? ఆకు కదలట్లేదు మామయ్యా," అని నవ్వాడు అల్లుడు.

"పొగ పక్కింట్లోకి పోతుందేమో."

ఆ మాటకి అల్లుడి నవ్వు ఎందుకో ఆగిపోయింది. "పోదులెండి. అది చూసుకున్నాను," అని మొహం తిప్పుకుని మొక్కజొన్న పొత్తులు ఒలవడంలో పడ్డాడు.

మూతమీద వేడి చూపించే ముల్లు పైకి పాకుతోంది. పెద్దమేస్త్రి గట్టుకి ఇటొకసారి అటొకసారి నడిచాడు. కూతురు మసాలా పట్టించిన కోడి ముక్కల పళ్లెంతో వచ్చి, "ఏంటి నాన్నా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు? కూర్చో కాసేపు," అంది. ఆయన కూర్చోలేదు. ఇప్పుడు చెబుతాను, ఈ పళ్లెం కింద పెట్టగానే చెబుతాను అనుకుంటున్నాడు. పళ్లెం కింద పెట్టింది, లోపలికి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ గట్టు చివరిదాకా నడిచాడు.

అప్పుడు పిట్ట స్టూలు ఈడ్చుకుంటూ వచ్చింది. సరిగ్గా గుడ్డు కుడిపక్క వేసి ఎక్కింది.

"నాన్నా, మూత తియ్యవా? గుడ్డు లోపల ఎర్రగా ఉందో లేదో చూస్తా."

అల్లుడు చెయ్యి మూత పిడిమీద వేశాడు.

పెద్దమేస్త్రి ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. పిట్టను రెక్క పట్టుకుని స్టూలు మీదనుంచి లాగేశాడు. స్టూలు పడింది. పిల్ల మోచెయ్యి గచ్చుకి గీరుకుని కెవ్వుమంది. "మూత ముట్టుకోకు! వదులు దాన్ని!" అని అరిచిన అరుపుకి లోపలనుంచి కూతురు పరుగున వచ్చింది.

"నాన్నా! పిల్లని అలా లాగుతావేంటి? ఏమైంది నీకు?"

"ఆపెయ్యండి. మంట ఆపెయ్యండి."

"ఎందుకు?"

"ముందు ఆపమంటున్నానా!"

అల్లుడు కంగారుగా బకెట్టు అందుకున్నాడు. "నీళ్లు పొయ్యకు!" అని మళ్లీ అరిచాడు ఆయన. "ఫెళ్లున పగులుతుంది. గుడ్డు కింది గాలి తలుపు మూసెయ్యి, మూతపైన పొగ పోయే టోపీ మూసెయ్యి. గాలి లేకపోతే అదే చస్తుంది. మూత మాత్రం ఎత్తొద్దు, గాలి తగిలిందంటే మంట మొహంమీదకి వస్తుంది."

అల్లుడు చెప్పినట్టే చేశాడు. కూతురు పిట్టను చంకనేసుకుని తండ్రి ఎదురుగా నిలబడింది. ఆమె కళ్లలో కోపం ఉంది గానీ, కోపం వెనక ఇంకేదో ఉంది. ఆ చూపు ఆయన ఎరుగును. పాలు మాడిన రోజు చూసిందే.

"ఇప్పుడు చెప్పు," అంది.

"పలక కింద చెక్క ముక్క వదిలేశాను," అన్నాడు. "నాలుగు పెట్టాను. మూడే తీశాను. నాలుగోది తీసిన గుర్తు లేదు. గుడ్డు ఊగుతోంది. పొద్దుటినుంచీ తెలుసు నాకు."

"పొద్దుటినుంచీ తెలిసి, మంట పెట్టేదాకా ఊరుకున్నావా? పిల్ల అక్కడ స్టూలేసుకునేదాకా?"

ఉన్న ఒక్క జవాబూ పెదవి దాటడానికి సిగ్గుపడింది.

"నువ్వు తాళం వేస్తావని," అన్నాడు చివరికి.

కూతురు పిట్టను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

అతిథులు వచ్చారు. వంట లోపలి పొయ్యిమీదే అయింది. నవ్వులూ, గ్లాసుల చప్పుళ్లూ కిటికీలోంచి వినిపిస్తూనే ఉన్నాయి. పెద్దమేస్త్రి మాత్రం పెరట్లో కుర్చీ వేసుకుని గుడ్డు పక్కనే కూర్చున్నాడు. మూతమీది ముల్లు దిగడం చూస్తూ, ప్రతి చిన్న చప్పుడుకీ ఉలిక్కిపడుతూ. మధ్యలో ఎవరో పెద్దమనిషి వచ్చి, "ఇదంతా మీరే కట్టారటగా, అద్భుతం!" అన్నాడు. దగ్గరకు రావొద్దన్నట్టు ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకెవరో పళ్లెంలో భోజనం తెచ్చిచ్చారు. అది ఒళ్లోనే చల్లారిపోయింది. రేపటినుంచి ఏమిటి అన్న ఆలోచన ఒకటే తిరుగుతోంది ఆయనలో. గుర్తు అన్నది ఒకసారి జారడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుంది? ఇవాళ చెక్క ముక్క. రేపు పిట్టను బడినుంచి తేవడం మర్చిపోతే? ఎల్లుండి పిట్ట పేరే మర్చిపోతే?

నాలుగు దాటాక అతిథులు వెళ్లిపోయారు. ముల్లు అడుక్కి వచ్చింది. పెద్దమేస్త్రి మూత వేలెడు మాత్రం ఎత్తి, కాసేపు ఆగి, ఆవిరి వదిలాక పూర్తిగా తెరిచాడు. బొగ్గులు చచ్చి నల్లగా ఉన్నాయి. జాలీ తీశారు, బొగ్గులు పోసే లోపలి గూడు ముక్కలు ఒక్కొక్కటీ బయట పెట్టారు. బరువు సగం తగ్గింది.

"పిడి పట్టుకుని ఎత్తొద్దు బాబూ. నువ్వు వెనక కింద పట్టు, నేను ముందు గాలి తలుపులో చెయ్యి వేస్తాను."

"నువ్వు పట్టుకోవద్దు నాన్నా. నేను పడతాను," అంది కూతురు. రోజూ మనుషులను లేపి నడిపించే ఫిజియోథెరపిస్టు చేతులవి. ఆయన పక్కకి జరిగాడు. మొగుడూ పెళ్లాలు లెక్కపెట్టుకుని ఎత్తి, గడ్డిలో పరిచిన దుప్పటిమీద దించారు.

మొదట కనిపించినవి కాళ్లు. రెండు నిక్షేపంగా ఉన్నాయి. వెనక కుడి పక్క ఉన్న మూడోది మాత్రం పలక అంచుమీద సగం లోపల, సగం గాలిలో ఉంది. ఇంకో వేలెడు జరిగి ఉంటే కింద పడేదే.

"ఇది నేను పెట్టిన చోటు కాదు," అన్నాడు పెద్దమేస్త్రి. అని, వెంటనే, "కాదనుకుంటా," అని గొణిగాడు. ఆయనకు తనమీదే నమ్మకం పోయింది.

అల్లుడు జరిగిన కాలిమీద వేలు పెట్టాడు. "కాదు మామయ్యా. అది నేనే. పోయిన వారం పక్కింటివాళ్లు పొగ వస్తోందంటే, గుడ్డును వాటేసుకుని కొంచెం అటు తిప్పాను. కాలు జరిగిందని చూసుకోలేదు. మీకు చెబితే..." ఆగాడు. "మీరు ఊరుకోరని చెప్పలేదు."

పదంతస్తుల లిఫ్టులను నిట్టనిలువుగా నిలబెట్టే ఇంజినీరు, బడిలో దెబ్బలకు చెయ్యి చాపిన పిల్లాడిలా నిలబడ్డాడు. మామూలప్పుడైతే మామగారు ఒంటికాలిమీద లేచేవాడే. ఇప్పుడు ఆయన కళ్లు పలక వెనక కుడి మూలమీద ఉన్నాయి. వంగి, చేత్తో మసి తుడిచాడు.

బొటనవేలి నొక్కు. లోతుగా, స్పష్టంగా. తనదే.

తన వేలు అందులో పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా పట్టింది. ముక్క తీశాడు, నింపాడు, నొక్కాడు. నాలుగూ తీశాడు. కానీ ఆయనకు సంతోషం కలగలేదు, ఇంకా భయమే వేసింది.

"మరి నా ముక్క ఏది?" అన్నాడు. "తీసినది ఏమైంది? ఎక్కడ పెట్టానమ్మా? ఇదీ గుర్తు లేదంటే నేనిక..."

మాట పూర్తికాలేదు. కూతురు మొహం తెల్లబోయింది. లోపలికి వెళ్లింది. స్నానాలగది ముందు స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో చెక్క ముక్క ఉంది. ఒక కొస మందంగా, ఒక కొస పలచగా.

"తలుపు పైన, మడతబందుల పక్క దోపాను," అంది. "పాలు మాడిన మర్నాడు నీ డబ్బాలోంచి తీశాను."

"తలుపుకా? ఎందుకు?"

"గడియ పడకుండా ఉండాలని," అంది. "మా దగ్గరికి ఒకాయన వస్తాడు నాన్నా. నీ వయసే. స్నానాలగదిలో జారిపడి, లోపల గడియ వేసుకుని, ఐదు గంటలు తడి గచ్చుమీద పడి ఉన్నాడు. బయట కూతురు తలుపు కొడుతూనే ఉంది. ఆయనను నడిపించినప్పుడల్లా నాకు నువ్వే కనిపిస్తావు. గడియ వేసుకోవద్దని నీతో చెబితే, నేనేం చంటిపిల్లాడినా అని ఇల్లు పీకి పందిరేస్తావు. అందుకని దొంగతనంగా పెట్టాను. నువ్వు స్నానానికి వెళ్లిన ప్రతిసారీ వంటగదిలో చెవులు రిక్కించుకుని నిలబడతాను తెలుసా? నీళ్ల చప్పుడు ఆగితే పై ప్రాణాలు పైనే పోతాయి."

పెద్దమేస్త్రి ఆ ముక్క అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. పొద్దుటినుంచీ తన మతి పోయిందని ఆయన ఎంత వణికాడో, నెల రోజులుగా కూతురు అంత వణుకుతోంది. అల్లుడు ఒక చిన్న మాట చెప్పడానికి వారం రోజులు భయపడ్డాడు. తను మంటపక్కన పసిదాన్ని పెట్టుకుని నోరు విప్పలేకపోయాడు. ఇంట్లో ఒక్కరూ ఒక్కరితో చెప్పలేదు. అందరి భయమూ తన నోటికే.

"నీ మతికేం కాలేదు నాన్నా," అంది కూతురు ఏడుస్తూ. "నేను చెప్పకపోబట్టి ఇంత భయపడ్డావు. పొద్దున్నే చెప్పుంటే..."

"నువ్వెలా చెబుతావు? నేను చెప్పనిచ్చేవాడినా?" అన్నాడు ఆయన. చొక్కా చేతితో కళ్లు తుడుచుకోబోతే మొహమంతా మసి అయింది. "పాలు మాడిన మాట నిజమే కదమ్మా. అది ఎవరూ దాచింది కాదు. ఇంకా మర్చిపోతానేమో. అప్పుడు చెప్పు. నేను అరిచినా చెప్పు."

ఇంతసేపూ గుమ్మంలోంచి చూస్తున్న పిట్ట వచ్చి ఆయన మొహం చూసి పకపకా నవ్వింది. మోచేతికి అంటించిన పట్టీ చూపించి, "తాతా, నువ్వే పడేశావు," అంది.

"తప్పయిపోయింది తల్లీ," అన్నాడు. మనవరాలికైనా సరే, ఆ మాట ఆయన నోట వినడం ఆ ఇంట్లో అదే మొదలు. కూతురూ అల్లుడూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

పొద్దు వాలకముందే గుడ్డును మళ్లీ నిలబెట్టారు. మూడు కాళ్లూ పలక అంచునుంచి లోపలికి, సమదూరంలో పెట్టి, సుద్దముక్కతో వాటి చుట్టూ గీతలు గీయించాడు, మళ్లీ జరిగితే ఎవరికైనా తెలిసేలా. రసమట్టం బుడగ చూడటానికి పిట్టను పిలిచాడు. అల్లుడిని మూత ఎత్తమన్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. చప్పుడు లేదు. ఇంకోసారి ఎత్తమన్నాడు. లేదు.

"పొగ సంగతి రేపు చూద్దాం బాబూ. గుడ్డును తిప్పక్కర్లేదు, గోడవైపు ఒక రేకు అడ్డం పెడితే సరిపోతుంది. నన్ను అడగాల్సింది," అని ఆగి, "అడిగేలా నేనుండాల్సింది," అన్నాడు.

చెక్క ముక్క ఆ సాయంత్రం డబ్బాలోకి తిరిగి వెళ్లలేదు.

మర్నాడు పొద్దున్న కూతురు వంటగదిలో కాఫీ కలుపుతుంటే, తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగదివైపు వెళ్లడం కనిపించింది. అలవాటుగా చేతిలో చెంచా ఆపి, చెవులు రిక్కించింది. స్టూలు జరిగిన చప్పుడు రాలేదు. కిందనే, గచ్చుమీద, చెక్కను చెక్కతో తట్టిన చప్పుడు రెండుసార్లు వచ్చింది.

"అమ్మాయ్," అని కేక వినిపించింది. "నీకు ముక్క దోపడం రాదే. పైన పెడితే తలుపు వంకర పోతుంది. కింద పెట్టాలి, పలచటి కొస లోపలికి. పెట్టాను. వేలెడు సందుంది."

ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"వింటున్నావా?" అన్నాడు ఆయన లోపలనుంచి.

"వింటున్నాను నాన్నా," అంది.

లోపల నీళ్ల చప్పుడు మొదలైంది. ఆమె చెంచా తిప్పడం మొదలుపెట్టింది.